విద్య - ఉద్యోగం: టెలికాం ఇంజినీరుకు ఎంబీఏ కలిసిన జంట డిగ్రీ

ప్రశ్న: నేను ఈసీఈలో బీటెక్ పూర్తిచేసి, నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో మొబైల్ నెట్‌వర్క్ ఆప్టిమైజేషన్ పని చేస్తున్నాను. డ్రైవ్ టెస్టులు చేయడం (వాహనంలో తిరుగుతూ సిగ్నల్ కొలవడం), సిగ్నల్ ఎక్కడ బలహీనంగా ఉందో నివేదికలు రాయడం నా బాధ్యత. కొత్త సైట్ (టవర్) ఎక్కడ కావాలో మేము చెబుతాం, అది వస్తుందో రాదో మాత్రం వేరేవాళ్లు తేలుస్తారు. అమెరికాలో టెలికమ్యూనికేషన్స్ ఎంఎస్, ఎంబీఏ రెండూ కలిపి చేసే జంట డిగ్రీ ఉందని విన్నాను. వెళ్లాలంటే అప్పు చేయక తప్పదు. అంత విలువైన చదువేనా? ఏదో ఒకటి చేస్తే సరిపోదా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: సైట్ వస్తుందో రాదో వేరేవాళ్లు తేలుస్తారన్న మీ మాటను బట్టి చూస్తే, మీకు కావలసింది మరో సాంకేతిక డిగ్రీ కాదనిపిస్తోంది. ఆ నిర్ణయం ఎలా జరుగుతుందో చెప్పడానికి మన దేశంలోనే మంచి ఉదాహరణ ఉంది. 700 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం వెళతాయని, గోడలను దాటుకుని ఇళ్లలోకి చేరతాయని, కాబట్టి తక్కువ టవర్లతో ఎక్కువ ప్రాంతాన్ని కప్పవచ్చని మీకు నేను చెప్పనక్కరలేదు. అయినా మొబైల్ తరంగాల (స్పెక్ట్రం) కోసం 2016లో జరిగిన వేలంలో ఆ బ్యాండ్‌ను, అంటే ఆ తరంగాల శ్రేణిని, ఒక్క కంపెనీ కూడా అడగలేదు. దేశం మొత్తానికి మెగాహెర్ట్జ్‌కు 11,485 కోట్ల రూపాయల కనీస ధర పెట్టడంతో, టవర్లపై మిగిలే డబ్బు కన్నా స్పెక్ట్రంపై పెట్టాల్సిన డబ్బే ఎక్కువని కంపెనీల లెక్కల్లో తేలింది. 2021లోనూ అది అమ్ముడుపోలేదు. 2022లో ధరను 3,927 కోట్లకు దించాక జియో అన్ని సర్కిళ్లలోనూ 10 మెగాహెర్ట్జ్ చొప్పున కొనుక్కుంది.

ఎయిర్‌టెల్ మాత్రం ఆ ధరకు కూడా కొనలేదు. జియో తన 5జీని 4జీపై ఆధారపడకుండా విడిగా నిర్మించదలచుకుంది కనుక దానికి దూరం వెళ్లే బ్యాండ్ ఒకటి కావలసి వచ్చింది. ఎయిర్‌టెల్ ఉన్న 4జీ నెట్‌వర్క్‌నే ఆసరాగా చేసుకుని 5జీని మొదలుపెట్టింది, పైగా దూరం వెళ్లే 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్ దాని చేతిలో అప్పటికే ఉంది. భౌతికశాస్త్రం ఇద్దరికీ ఒక్కటే అయినా నిర్ణయాలు వేరయ్యాయి. రెండూ తెలివైన నిర్ణయాలేనని నా అభిప్రాయం. నెట్‌వర్క్ నిర్మాణం, పెట్టుబడిపై వడ్డీ, ఒక్కో వినియోగదారు నుంచి నెలకు వచ్చే సగటు ఆదాయం, ప్రభుత్వ నిబంధనలు - ఈ నాలుగింటినీ ఒకే కాగితం మీద పెట్టి మాట్లాడగల మనిషిని తయారుచేయడమే జంట డిగ్రీ ఉద్దేశం. మీ నివేదికలో 'కవరేజీ లోపం' అని ఉన్నచోట, ఆ లోపం వల్ల ఎంతమంది వేరే నెట్‌వర్క్‌కు మారిపోతున్నారో, సైట్ పెడితే అద్దె, కరెంటు, డీజిల్, ఫైబర్ ఖర్చులు ఎన్నేళ్లలో తిరిగి వస్తాయో కూడా రాయగలిగితే, ఆ నిర్ణయం జరిగే గదిలోకి మిమ్మల్ని కూడా పిలుస్తారు.

ఇక అమెరికా సంగతి. అక్కడ ఈ దారి పాతదే. కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ ప్రాంగణంలో 1971లోనే ఇంజినీరింగును, వ్యాపారాన్ని, ప్రభుత్వ విధానాన్ని కలిపి టెలికాం బోధించే కార్యక్రమం మొదలైంది, ఎంబీఏతో కలిపి చేసే అవకాశమూ దానికి తోడైంది. ఇప్పుడు ఆ కార్యక్రమం పేరులో సైబర్ సెక్యూరిటీ, పాలసీ అన్న మాటలు చేరాయి కాబట్టి, టెలికాం అన్న మాట ఒక్కటే పట్టుకుని వెతికితే మీకు కావలసినవి చాలా దొరకకుండా పోతాయి. విడివిడిగా చేస్తే నాలుగేళ్ల దాకా పట్టే రెండు డిగ్రీలూ కొన్ని క్రెడిట్లు రెండింటికీ చెల్లడం వల్ల సుమారు మూడేళ్లలో పూర్తవుతాయి. సాధారణంగా రెండు విభాగాల్లోనూ విడిగా సీటు సంపాదించాలి. ఒకచోట వచ్చి మరొకచోట రాకపోతే జంట డిగ్రీ లేనట్టే.

అప్పు చేసే ముందు తెలుసుకోవలసిన ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. చదువు తర్వాత పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ ఒక్కో విద్యాస్థాయికి ఒక్కసారే, 12 నెలలు. ఎంఎస్, ఎంబీఏ రెండూ మాస్టర్స్ స్థాయివే కాబట్టి రెండు పట్టాలకు రెండు ఓపీటీలు రావు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీ ఆధారంగా దొరికే మరో 24 నెలల పొడిగింపే అప్పు తీర్చుకునే అసలు గడువు. అందువల్ల ఏ డిగ్రీ పేరుతో ఓపీటీ అడగాలో, అది స్టెమ్ జాబితాలో ఉందో లేదో చేరకముందే విశ్వవిద్యాలయంలోని విదేశీ విద్యార్థుల కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి. మూడేళ్ల ఫీజు అప్పుగా తెచ్చుకుని, ఈ ఒక్క ప్రశ్న అడగకుండా విమానం ఎక్కవద్దని మిమ్మల్ని బతిమాలుతున్నాను.

మన దేశంలో చదవడాన్ని చిన్నచూపు చూడకండి. ఐఐటీ ఢిల్లీలో 2000లో ఏర్పడిన భారతీ స్కూల్, పేరులోనే టెక్నాలజీని, మేనేజ్‌మెంట్‌ను కలుపుకుంది; అక్కడి ఎంటెక్‌కు గేట్, అదే ఐఐటీ మేనేజ్‌మెంట్ విభాగం టెలికాంపై దృష్టితో నడిపిన ఎంబీఏకు క్యాట్ దారి. పుణెలో సింబయోసిస్ వారి టెలికాం మేనేజ్‌మెంట్ సంస్థ 1996 నుంచి ఉంది, ఇప్పుడు దాని పేరుకు 'డిజిటల్' తోడైంది. ఈ ఏటి ప్రవేశ ప్రకటనలు చూసి కోర్సుల వివరాలు సరిచూసుకోండి. నాలుగేళ్ల అనుభవం ఉండి, అప్పు తప్ప వేరే దారి లేని మీకు నా సలహా ముందు వీటికి ప్రయత్నించమనే. అమెరికాకు వెళ్లాలంటే ఫీజులో గణనీయమైన భాగం స్కాలర్‌షిప్‌గానో అసిస్టెంట్‌షిప్‌గానో వస్తేనే వెళ్లండి.

ఏదైనా నిర్ణయించుకునే ముందు ఖర్చులేని పరీక్ష ఒకటి పెట్టుకోండి. స్పెక్ట్రం ధరలపై టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడుదల చేసే సంప్రదింపు పత్రాలు, వాటికి కంపెనీలు రాసిన జవాబులు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో అందరికీ దొరుకుతాయి. ఒక పత్రాన్ని, దానికి పోటీ కంపెనీలు రెండు ఇచ్చిన జవాబులను నెలరోజులు పెట్టుకుని చదవండి. ఆ వాదనల్లో ఎవరి లెక్క ఎక్కడ తప్పుతోందో పట్టుకోవాలన్న ఆరాటం మీలో పుడితే ఈ చదువు మీకోసమే. విసుగొస్తే ఎంఎస్ లేదా ఎంటెక్ ఒక్కటీ చాలు, అందులో చిన్నతనమేమీ లేదు.

ప్రశ్న: మా అమ్మాయి ఈసీఈ ఆఖరి సంవత్సరంలో ఉంది. ఉద్యోగంలో చేరకుండా నేరుగా ఇలాంటి జంట డిగ్రీకే పంపుదామని మావారు అంటున్నారు. మంచిదేనా అండీ?
- ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: ఇప్పుడే వద్దమ్మా. ఎంబీఏ తరగతిలో సగం పాఠం పక్కన కూర్చున్నవారి అనుభవం నుంచే వస్తుంది, అందుకే అమెరికాలోని చాలా బిజినెస్ స్కూళ్లు కొన్నేళ్ల ఉద్యోగానుభవాన్ని కోరతాయి. మీ అమ్మాయి ఆ తరగతిలో వినగలుగుతుంది గాని, తనవైపు నుంచి చెప్పడానికి ఏమీ ఉండదు. సాంకేతిక చదువుకు మాత్రం ఈ అడ్డంకి లేదు. గేట్ రాసి ఎంటెక్‌కు గాని, నేరుగా ఎంఎస్‌కు గాని వెళ్లవచ్చు. అయితే ఇప్పుడు అమెరికాలో ఎంఎస్ చేసి, ఆ స్థాయి ఓపీటీని వాడేసుకుంటే, తర్వాత అక్కడే ఎంబీఏ చేసినా మళ్లీ ఓపీటీ రాదు. ఆ కారణంగానే, రెండేళ్లు ఇక్కడ ఉద్యోగం చేసి, అప్పుడు తన మనసు ఎటు మొగ్గుతుందో చూసుకోవడం మేలని నా అభిప్రాయం. ఈ మాట మీవారితోపాటు అమ్మాయినీ కూర్చోబెట్టి చెప్పండి, ఏం చదవాలని తనకుందో కూడా అడగండి.