తెగిన దిబ్బ గురించి అమ్మలుకి

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలు రాత్రి రెండు మూడుసార్లు చూశాను. తుఫానుకు గంగమ్మ గుడి ముందు ఇసక దిబ్బ నిలువునా తెగిపోయి, మొగలి పొద వేళ్లు గాల్లో వేలాడుతుంటే మనసు విలవిల్లాడింది. మీరంతా చందాలు వేసుకుని జేసీబీతో ఇసక ఎత్తిపోయిద్దాం అనుకుంటున్నారని మీ నాన్న చెప్పాడు. ఆ పని చెయ్యొద్దు తల్లీ.

2014లో హుద్‌హుద్ తుఫాను వెళ్లాక నేనే దగ్గరుండి చేయించాను అది. నీటి అంచున ఇసక తోడి దిబ్బ మీద పోయించాను. దాంతో ఒడ్డు పల్లమైపోయి, తర్వాతి పెద్ద పోటుకే అలలు నేరుగా దిబ్బ మొదలు కొట్టాయి. సంక్రాంతికల్లా పోసిందీ లేదు, అంతకుముందు మిగిలిందీ లేదు. పైగా దిబ్బల్ని కదిలించడం సీఆర్‌జెడ్ (సముద్ర తీరాన్ని కాపాడే) నిబంధనలకు విరుద్ధం.

తుఫాను కోసిన ఇసక అంతా ఎటో పోదు. చాలావరకు ఒడ్డుకు కాస్త అవతల, నీటి అడుగున మెట్టగా పడి ఉంటుంది. సముద్రం తేటపడ్డాక చిన్న అలలు దాన్ని కొంచెం కొంచెంగా తిరిగి తెస్తాయి. అందాకా ఆగండి. ఈలోగా ప్లాస్టిక్, తెగిన వలలు ఏరెయ్యండి, నాచూ ఆకులూ మాత్రం ఉండనివ్వండి. ఎగిరే ఇసక వాటి చుట్టూనే మొదట పేరుకుంటుంది.

ఒడ్డు ఆరాక, పోటు నీళ్లు అందని చోట, దిబ్బ మొదట్లో తాటాకు దడి కట్టండి. మోకాలికి కాస్త పైదాకా చాలు. అసలు కిటుకు సందుల్లో ఉంది: దడిలో సగం ఆకు, సగం ఖాళీ ఉండాలి. గాలి నెమ్మదించి ఇసకను అక్కడే వదిలేస్తుంది. సందు లేకుండా బిగిస్తే గాలి సుడి తిరిగి దడి కిందే తవ్వేస్తుంది. దడి పూడిపోతే సంతోషించి, దాని మీద ఇంకోటి కట్టండి. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి కాబట్టి దడిని ఏకంగా లాగకుండా మధ్యలో దారులు వదలండి.

వానలు పడగానే బాలబండి తీగ నాటండి. మేక డెక్క లాంటి ఆకు, ఊదా పువ్వు, నీకు తెలుసుగా. మూరెడు ముక్కలు కోసి, మూడొంతుల్లో రెండొంతులు ఇసకలో పూడ్చాలి. రావణాసురుడి మీసాలు అనే ఇసక గడ్డి కూడా మంచిదే, గుచ్చుకుంటుంది కాబట్టి పిల్లలు నడిచే వైపు వద్దు. సరుగుడు మొక్కలు ఎవరైనా ఊరికే ఇస్తామన్నా నీళ్ల వైపు నాటొద్దు. వాటి కింద తీగలు బతకవు, తాబేళ్లకు చోటుండదు. దిబ్బ వెనక వేసుకోండి.

రాళ్ల గోడ కావాలని మీ బాబాయిలు పట్టుబడతారు. ఇళ్లు పోతాయన్న వాళ్ల భయం నిజమైనదే. కానీ అల రాతిని కొట్టి వెనక్కి మళ్లేటప్పుడు గోడ కింది ఇసకనే లాక్కుపోతుంది, గోడ అయిపోయిన చోట పక్కవాళ్ల ఒడ్డు తెగుతుంది. ఉప్పాడలో రాళ్లు వేశారు, జియో ట్యూబులు (ఇసక నింపిన పెద్ద గుడ్డ గొట్టాలు) పరిచారు, అయినా తుఫాను వస్తే కాకినాడ రోడ్డు దెబ్బతింటూనే ఉంది. మన తీరంలో ఏడాది మొత్తం మీద ఇసక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. విశాఖ హార్బర్ గోడలు ఆ నడకకు అడ్డుపడ్డాయి కనుకే పోర్టులో తవ్విన ఇసకను ఆర్కే బీచ్‌లో పోయాల్సి వస్తోంది.

ఇంకొక్కటి. గుడి నుంచి నీళ్లకు తిన్నగా ఉన్న కాలిబాటను ఏటవాలుగా మళ్లించండి. దిబ్బ తెగింది సరిగ్గా అక్కడే, ఫోటోలో చూడు. తెప్పలు లాగే చోటు మాత్రం పెద్దవాళ్లను అడిగి వదలండి.

తాటాకులు మన తోటలో కొట్టించుకోండి, పాలేరుకు చెప్పి ఉంచాను.

మీ పెదనాన్న