పాట, బొమ్మ, ఆట ఉద్యమాన్ని నిజంగా నడుపుతాయా?

మీ ఊరి చెరువు కబ్జా మీద ఏదన్న చెయ్యాలనుకుంట మీరు నాకు రాసిన ప్రశ్న ఇది. ఇవన్నీ నాయకుడు వచ్చేదాకా జనాన్ని కూసోబెట్టే కాలక్షేపమే కదా అని కూడా అడిగిన్రు. నేను హన్మకొండల బోర్డులు రాసి బతికినోణ్ని (ఫ్లెక్సీలు వచ్చి ఆ పని మింగినయ్, అది వేరే కథ). 2011ల తెలంగాణ ఉద్యమం నడిచేటప్పుడు ధూంధాం (ఆటపాటల సభ) స్టేజీల వెనుక కట్టే బట్టలు రాసిన. నాకు కనబడ్డది చెప్త.

మొదటి బట్ట మీద నా పనితనమంతా చూపించిన. ఎత్తిన పిడికిలి, చుట్టూ నీళ్లు, నిధులు, నియామకాలు, కింద నాలుగు వరుసల నినాదాలు. రెండు రాత్రుల పని. ఆడడానికి వచ్చిన ఒగ్గు కథ (దేవుళ్ల కథలను పాడుకుంట ఆడుకుంట చెప్పే కళ) పెద్దమనిషి చూసి, "తమ్మీ, రాత్రిపూట గీ అచ్చరాలు ఎవలు సదువుతరు?" అన్నడు. కోపమొచ్చింది. ఆట మొదలయినంక వెనుక పోయి కూసుంటే నిజంగనే ఒక్క ముక్క కనబడలే. తర్వాతి బట్ట మీద ఉత్త బతుకమ్మనే వేసిన. గునుగు తెలుపు, తంగేడు పసుపు ఎంత దూరానికైనా తెలుస్తయి.

ఆయన దగ్గరే ఇంకోటి చూసిన. ఒగ్గు కథల వంత పాడేటోడు నడుమ నడుమ అడ్డుప్రశ్నలు వేస్తడు. మల్లన్న కథ నడుస్తుంటెనే "మరి మనూరి చెర్ల నీళ్లేవిరా?" అన్నడు. కథ ఆగలే, జవాబు మాత్రం జనంలకెల్లి వచ్చింది. ఉపన్యాసంల ఆ సందు దొరకదు. తెలంగాణ సాయుధ పోరాటం నాడు కవి సుద్దాల హనుమంతు గొల్లసుద్దులను (వంతలతోటి నడిచే గొల్లల ఆటపాట) పట్టుకున్నది కూడా ఇందుకే అనిపిస్తది.

ఆ యేడు, 2011ల, తెలంగాణ రాష్ట్రం కోసం సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. నడుమల బతుకమ్మ పండుగ పడ్డది. మా అమ్మ ఒక్క మీటింగుకు రాలే, "మనకెందుకు బిడ్డా" అనే మనిషి. బస్సుల్లేని రోడ్డు మీద వాడకట్టు ఆడోళ్లు బతుకమ్మలు దించి ఆడుతుంటే తనూ దిగి చప్పట్లు కొట్టుకుంట తిరిగింది. స్టేజీ లేదు, మైకు లేదు. పూలు తియ్యుమని ఏ పోలీసాయన అంటడు?

రాష్ట్రం వచ్చినంక శానమంది కళాకారులకు సర్కారు పెట్టిన కళాకారుల సంస్థ సాంస్కృతిక సారథిల కొలువులు దొరికినయ్. వాళ్ల ఇండ్లకు ఆ జీతం అవసరమే, తప్పు పట్ట. కాని సర్కారు పథకాల పాటల్ల అడ్డుప్రశ్న వేసే వంతగాడు నాకు కనబడలే.

మీ ఊరి చెరువు కబ్జా మీద ఏదన్న చెయ్యాలని రాసిన్రు గనుక: ముందుగాల ఆ ఊర్ల ఏ ఆట ఆడుతరో, ఎవలు పాడుతరో అడుగున్రి. బట్ట రాస్తే రాత్రి లైట్ల కింద, ఆఖరి వరుసల కూసోని చూసుకోన్రి.