వీటెక్‌ను ముందే తెరిపించి ఎనిమిది నెలలు మురిసిపోయాను

పాత హోండా సిటీ వీటెక్‌లో వాల్వ్ టైమింగ్ మార్పును సర్దుకోవడానికి పిగ్గీబ్యాక్ కంట్రోలర్ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు, అంటే ఈసీయూకు, వెళ్లే సంకేతాలను మధ్యలో మార్చే పెట్టె) సరిపోతుందా, స్టాండలోన్ ఈసీయూ (కంపెనీ ఈసీయూ బదులు పెట్టే వేరే కంప్యూటర్) కొనాలా అని మీరు అడిగారు. వీటెక్ అంటే ఒక ఆర్పీఎం దాటాక, వాల్వ్‌లను తెరిచే క్యామ్ ఇరుసు మీది చిన్న లోబ్ (ఉబ్బు) నుంచి పెద్ద లోబ్‌కు మారి, వాల్వ్‌లను ఎక్కువసేపు తెరిచి ఉంచే హోండా ఏర్పాటు. రెండింటిలో ఏది కొన్నా నాకు అభ్యంతరం లేదు గానీ, డైనో (ఇంజిన్ బలాన్ని కొలిచే యంత్రం) మీద ఒక పూట పరీక్షకూ, పొగను బట్టి గాలి, ఇంధనాల పాళ్లు చెప్పే ఒక వైడ్‌బ్యాండ్ సెన్సర్‌కూ డబ్బు పక్కన పెట్టుకోలేనివారు ఏదీ కొనకూడదని నా గట్టి అభిప్రాయం. ముందు పరీక్ష, తరువాత పెట్టె అనే ఆ వరుసను నేను తలకిందులు చేశాను కనుకనే ఇంత కటువుగా చెబుతున్నాను.

మాది నెల్లూరు, ఉద్యోగం బెంగళూరులో. 106 హార్స్‌పవర్ అని పేరుపడిన ఆ 1.5 లీటర్ కారే నా దగ్గరా ఉంది. జేసీ రోడ్డులో ఒక దుకాణంలో వాడేసిన ఎపెక్సీ వీఏఎఫ్‌సీ అనే పిగ్గీబ్యాక్ పెట్టె కనబడగానే మనసు ఆగలేదు. దుకాణదారు చిత్తూరు వైపు మనిషి. "వీటెక్ తొందరగా తెరుచుకుంటే పవర్ తొందరగా వస్తుంది కద సార్, ఇందులో లెక్కేముంది?" అని నవ్వి, మార్పును 3,800 ఆర్పీఎంకు దించి ఇచ్చాడు. వైర్లకు టంకం వేయకుండా మెలిపెట్టి నల్ల టేపు చుట్టాడు. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని ఈసీయూకు చెప్పే ప్రెషర్ సెన్సర్ వైరును అలా మెలిపెట్టి వదిలేసేవారికి కూలీ ఎందుకివ్వాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నైస్ రోడ్డు మీద 3,800 దాటగానే ఇంజిన్ గొంతు మారేది, నేను పొంగిపోయేవాడిని. ఎనిమిది నెలల తరువాత ఒక స్నేహితుని బలవంతం మీద డైనోకు తీసుకువెళ్లాను. అక్కడి కుర్రవాడు వీటెక్‌ను పూర్తిగా ఆపి ఒక పరుగు, 3,500 నుంచే పని చేయించి మరొక పరుగు తీసి, రెండు టార్క్ (తిప్పే బలం) గీతలనూ ఒకే తెర మీద పరిచాడు. అవి 4,900 దగ్గర ఒకదాన్నొకటి దాటాయి. అంతకు ముందున్న మేరంతా పెద్ద లోబ్ గీత చిన్న లోబ్ గీత కంటే కిందనే ఉంది. వేగం తక్కువగా ఉన్నప్పుడు వాల్వ్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచితే లోపలికి వచ్చిన గాలిలో కొంత తిరిగి ఇన్‌టేక్‌లోకే పోతుంది. నేను శక్తి అనుకున్నది మారిన ఇంజిన్ చప్పుడునే. కుర్రవాడు కన్నడంలో "సౌండ్ జాస్తి, టార్క్ కమ్మి" అని తేల్చేశాడు.

ముచ్చట అంతటితో ముగియలేదు. మార్పును 4,900కు పెట్టి తీసిన పరుగులో గీత పైకి లేవవలసిన చోట చతికిలబడింది. పెట్టె తెర మీద వీటెక్ గుర్తు మాత్రం వెలుగుతూనే ఉంది. పెట్టె సొలనాయిడ్‌కు (ఆయిల్ దారిని తెరిచే విద్యుత్ వాల్వ్) కరెంటు మాత్రమే పంపగలదు, లోపల పెద్ద లోబ్‌ను పనిలోకి తెచ్చే పిన్నులను కదిపేది ఆయిల్ ఒత్తిడి. సొలనాయిడ్ విప్పి చూస్తే దాని గ్యాస్కెట్‌లో ఉండే సన్నని జల్లెడ కాటుకలాంటి మడ్డితో పూడిపోయి ఉంది, వేలితో రుద్దితే తప్ప రంధ్రాలు కనబడలేదు. అప్పుడప్పుడు వెలిగిన చెక్ ఇంజిన్ దీపం ఈ సంగతే మొరపెట్టుకుంటుంటే, "కొత్త పెట్టె పెడితే అట్లే ఉంటుంది సార్" అన్న దుకాణదారు మాటను నమ్మాను.

ఇక ఎంపిక సంగతి. ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంటే పిగ్గీబ్యాక్ చాలు, అయితే వీటెక్ తెరుచుకునే ఆర్పీఎం, మూసుకునే ఆర్పీఎం వేర్వేరుగా పెట్టుకునే వీలుందో లేదో చూడండి. రెండూ ఒకటే అయితే ఆ అంచు దగ్గర ఇంజిన్ అటూ ఇటూ ఊగిసలాడుతుంది. ఇంధనాన్ని తగ్గించడానికి ఇటువంటి పెట్టె ప్రెషర్ సెన్సర్ సంకేతాన్ని మార్చి ఈసీయూకు అబద్ధం చెబుతుంది. లోడ్ (ఇంజిన్ మీది భారం) తక్కువని నమ్మిన ఈసీయూ ఇంధనం తగ్గించడంతో ఊరుకోక ఇగ్నిషన్ టైమింగ్‌ను (స్పార్క్ పడే క్షణాన్ని) కూడా ముందుకు జరుపుతుంది. కనుక క్యామ్ మార్చినా, టర్బో పెట్టినా ఈ అబద్ధాల మీద ఆధారపడకుండా ఈసీయూనే రీప్రోగ్రామ్ చేయించడమో, స్టాండలోన్ పెట్టడమో మేలు.

టయోటా వీవీటీ-ఐ లాగా క్యామ్ కోణాన్ని నిరంతరంగా జరిపే ఇంజిన్ అయితే ఆర్పీఎం చూసి ఆన్, ఆఫ్ చేసే పెట్టె దేనికీ పనికిరాదు. క్యామ్, క్రాంక్ సెన్సర్లను చదివి, అసలు కోణాన్ని కోరిన కోణంతో పోల్చి, ఆయిల్ వాల్వ్‌కు పంపే కరెంటును క్షణక్షణం సరిదిద్దే ఈసీయూ కావాలి. మీలాంటి ఇంజిన్ మీద ఆ ఈసీయూ ఇప్పటికే పని చేసిందా అని అమ్మేవాడిని సూటిగా అడగండి. తడబడితే దండం పెట్టి వచ్చేయండి.

వైడ్‌బ్యాండ్ మీటరును 14.7 లెక్కలో (బరువులో ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి) కాకుండా లాంబ్డాలో (ఉన్న నిష్పత్తిని సరైన నిష్పత్తితో భాగిస్తే వచ్చేది) చదవడం అలవాటు చేసుకోండి. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తున్నప్పుడు సరైన నిష్పత్తి 14.7 కంటే తక్కువే అవుతుంది, లాంబ్డా 1 మాత్రం 1గానే ఉంటుంది.

నా కారులో ఇప్పుడు తెరుచుకోవడం 4,900 దగ్గర, మూసుకోవడం 4,700 దగ్గర. వైర్లన్నీ విప్పించి టంకం వేయించాను. జల్లెడతో కూడిన ఆ గ్యాస్కెట్‌కు ఇచ్చుకున్నది పెట్టె ధరలో ఇరవయ్యో వంతు కూడా కాదు. మీ కారులో సొలనాయిడ్‌ను చివరిసారి ఎప్పుడు విప్పారో, ఆయిల్ ఎన్ని కిలోమీటర్లకు మారుస్తున్నారో ముందు రాయండి, పెట్టె సంగతి ఆ తరువాత మాట్లాడుకుందాం.