లినక్స్ మింట్‌లో గేమ్స్ ఆగి ఆగి వస్తుంటే: డిస్ట్రో (లినక్స్ రకం) కాదు, డ్రైవర్ చూడండి

ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్‌లో మింట్ వేశాక గేమ్స్ ఆగి ఆగి వస్తున్నాయంటే, చాలావరకు ఎన్విడియా డ్రైవర్ (ఆ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) లోడ్ కాకపోవడమే కారణం. షాపులో ఎవరో చెప్పారని వేరే డిస్ట్రో వేసినా ఇదే కథ మళ్లీ రావొచ్చు. రోజువారీ పనికి మింటే హాయి, ఉంచుకోండి.

1. డ్రైవర్ మేనేజర్‌లో ‘రికమెండెడ్’ అని ఉన్నది ఇన్‌స్టాల్ చేయండి.

2. సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను బూట్‌లో ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే ఒక పాస్‌వర్డ్ పెట్టమనొచ్చు. కాగితం మీద రాసుకోండి.

3. పాస్‌వర్డ్ పెట్టమని ఉంటే, రీస్టార్ట్ చేయగానే నీలం స్క్రీన్ వస్తుంది. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. వైరస్ అనుకుని కొందరు, తొందరలో కొందరు ‘కంటిన్యూ బూట్’ నొక్కేస్తారు. వెంటనే ఏదో ఒక కీ నొక్కి, ‘ఎన్‌రోల్ మోక్’ (Enroll MOK, డ్రైవర్ కీని నమ్మమని చెప్పడం) ఎంచుకుని, ఆ పాస్‌వర్డే కొట్టండి. ఆ స్క్రీన్ కొన్ని సెకన్లే ఉంటుంది. దాటిపోతే బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగ్స్‌లో) సెక్యూర్ బూట్ ఆఫ్ చేసినా పనవుతుంది.

4. సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో, గ్రాఫిక్స్ దగ్గర డ్రైవర్ ‘ఎన్విడియా’ అని రావాలి. ‘నూవో’ (nouveau, మింట్‌తో వచ్చే డ్రైవర్) అని ఉంటే ఇంకా పాతదే నడుస్తోంది.

5. కింద ట్రేలో ఎన్విడియా ఐకాన్ ఉంటే ‘పర్ఫార్మెన్స్ మోడ్’ పెట్టండి.

తర్వాత స్టీమ్ (గేమ్స్ యాప్) సెట్టింగ్స్‌లో, కంపాటిబిలిటీ కింద ప్రోటాన్ (విండోస్ గేమ్స్‌ను లినక్స్‌లో నడిపేది) ఆన్ చేసే ఆప్షన్ కనిపిస్తే ఆన్ చేయండి. వాలరెంట్ మాత్రం లినక్స్‌లో నడవదు, దాని యాంటీ-చీట్ (మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్) ఒప్పుకోదు. అది ఆడాలంటే విండోస్ పక్కన ఉంచుకోవాల్సిందే.