చైనా వైద్యం చదివితే మా అమ్మాయి డాక్టర్ అవుతుందా?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మాయి రెండేళ్లు లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంది. ఈసారి కూడా ఎంబీబీఎస్ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. చైనాలో సంప్రదాయ చైనా వైద్యంలో ఐదేళ్ల డిగ్రీ ఉందని, ఇంగ్లిష్‌లోనే చెబుతారని, తిరిగొచ్చాక డాక్టర్ అని బోర్డు పెట్టుకోవచ్చని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. నెలాఖరులోగా లక్ష రూపాయలు అడ్వాన్సు కట్టమంటున్నారు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులకు ఆక్యుపంక్చర్ (సూదులు గుచ్చి చేసే వైద్యం) చేయించినప్పటి నుంచి అమ్మాయికి ఆ వైద్యం మీద ఇష్టం ఏర్పడింది. చైనా మంచిదా, ఇక్కడే బీఎన్‌వైఎస్ (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) మంచిదా, అమెరికాలో ఆక్యుపంక్చర్ చదివించడం మంచిదా? బంధువులందరికీ మా అమ్మాయి డాక్టర్ అవుతుందని చెప్పుకున్నాం. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ లక్ష రూపాయలు కట్టకండి. మిగతాది నిదానంగా మాట్లాడుకుందాం.

ఏటా కౌన్సెలింగ్ చివరి రౌండ్ ముగియగానే నాకు ఇలాంటి ఉత్తరాలు మొదలవుతాయి. ఒక ఏడాది ఫిలిప్పీన్స్ అంటారు, ఇంకో ఏడాది జార్జియా అంటారు. దేశం పేరు మారుతుంది కానీ అడిగేది ఒకటే: నీట్‌లో అందని ‘డాక్టర్’ అనే మాటను ఇంకో దారిలో తెచ్చుకోవచ్చా అని. ఈ దారిలో తెచ్చుకోలేరు. సంప్రదాయ చైనా వైద్యం డిగ్రీ ఎంబీబీఎస్ కాదు. దాంతో ఎఫ్ఎంజీఈ (విదేశాల్లో ఎంబీబీఎస్ చదివినవాళ్లు ఇక్కడ రాయాల్సిన పరీక్ష) రాయనివ్వరు. ఆయుష్ కిందకీ రాదు. ఆయుష్‌లో ఉన్నవి ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా (టిబెట్ సంప్రదాయ వైద్యం), హోమియోపతి. చైనా మూలికా వైద్యం వాటిలో లేదు. ఐదేళ్లు చదివొచ్చిన పిల్ల తెనాలిలో గది అద్దెకు తీసుకుని కషాయాలు రాసిస్తే, మన చట్టం దృష్టిలో ఆమె రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తున్న మనిషే. కన్సల్టెన్సీ వాళ్లు మీకు ఈ సంగతి చెప్పి ఉండరు.

ఆక్యుపంక్చర్ ఒక్కదాని సంగతి కొంచెం వేరు. దాన్ని ఒక స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తిస్తూ కేంద్ర ఆరోగ్య శాఖ 2019 ఫిబ్రవరిలో ఉత్తర్వు ఇచ్చింది. పశ్చిమ బెంగాల్ 1996లోనే దానికి చట్టం చేసింది, తర్వాత మహారాష్ట్ర చేసింది. బెంగాల్ ముందుండడానికి కారణం ఉంది. 1938లో చైనాకు సాయంగా మన కాంగ్రెస్ పంపిన ఐదుగురు డాక్టర్ల బృందంలో కోట్నీస్‌తో పాటు కోల్‌కతాకు చెందిన విజయ్ కుమార్ బసు కూడా ఉన్నారు. ఆయన 1950ల చివర్లో మళ్లీ చైనా వెళ్లి సూది వైద్యం నేర్చుకొచ్చి కోల్‌కతాలో మొదలుపెట్టారు. అయితే ఒక్క విషయం గమనించండి. ఆయన అప్పటికే రిజిస్టరైన అల్లోపతి డాక్టర్. సూదులు ఆ చదువు మీద చేర్చుకున్న విద్య. ఈ దేశంలో సూదులు పట్టుకుని నిలదొక్కుకున్న చాలామందికి వెనకాల ఇంకో వైద్య డిగ్రీ ఉంటుంది.

ఇంతవరకూ చదివి, ఇదంతా మోసం కాబోలు అనుకుంటారేమో. కాదండీ. వైద్యం నిజమైనదే, చదువూ నిజమైనదే. మీకు అమ్ముతున్న కల మాత్రమే తప్పు.

చైనాలో దీన్ని 1956 నుంచి ప్రత్యేక కాలేజీల్లో చెబుతున్నారు. బీజింగ్, షాంఘై, గువాంగ్జౌ, చెంగ్డూలలోవి మొదటి నాలుగు. విద్యార్థులు నాడి చూడడం నేర్చుకుంటారు. మణికట్టు మీద మూడు వేళ్లతో మూడు చోట్ల, ఒకసారి తేలిగ్గా, ఒకసారి నొక్కి చూస్తారు. నాలుక రంగు, దాని మీది పూత చూస్తారు. శరీరం మీద 361 బిందువులు కంఠతా రావాలి. ఏ బిందువులో సూది ఎంత లోతు దించాలో, ఏ కోణంలో దించాలో చేతికి రావాలి. భుజం మీద, ఛాతీ మీద కాస్త ఎక్కువ లోతు దిగితే ఊపిరితిత్తి పొరకు చిల్లు పడే చోట్లున్నాయి. వీటితో పాటు అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ కూడా చదవాలి.

ఆహారం భాగం మన ఇళ్లకు కొత్తేమీ కాదు. మనం ‘వేడి చేసింది’, ‘చలవ చేస్తుంది’ అంటామే, వాళ్లూ ప్రతి పదార్థాన్నీ అలాగే చూస్తారు. ఎండాకాలంలో పెసలు ఉడికించిన నీళ్లు తాగుతారు, జలుబు పట్టగానే అల్లం కషాయం కాస్తారు, జ్వరం నుంచి లేచినవాళ్లకు పల్చటి బియ్యం గంజి పోస్తారు. మీ అమ్మాయి ఈ భాగం చదివితే వాళ్ల నానమ్మ చెప్పినవే సగం వినిపిస్తాయి.

మూలికల దగ్గర మాత్రం నాకు భయం. చైనా మందుల్లోంచే నోబెల్ వచ్చిందని మీకు చెప్పే ఉంటారు. నిజమే, తు యోయో 2015లో అందుకున్నారు. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్‌ను ఆవిడ బృందం 1970ల మొదట్లో ఒక మాచిపత్రి జాతి మొక్క నుంచి తీసింది. పదహారు వందల ఏళ్ల నాటి వైద్య గ్రంథంలో, ఆ ఆకును నీళ్లలో నానబెట్టి పిండమని ఉన్న ఒక్క వాక్యం ఆవిడకు దారి చూపింది. ఆ తర్వాత ఆ మందు కోతుల మీద, ఎలుకల మీద, చివరికి తమ మీద తామే పరీక్షించుకున్నాక గానీ రోగులకు ఇవ్వలేదు.

దానికి రెండో వైపు కూడా మీ అమ్మాయికి తెలియాలి. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో ఒక క్లినిక్ బరువు తగ్గడానికి చైనా మూలికల గుళికలు ఇచ్చింది. పేర్లు దగ్గరగా ఉండడంతో ఒక మూలిక స్థానంలో ఇంకొకటి, అరిస్టోలోకిక్ ఆమ్లం ఉన్నది, కలిసిపోయింది. వందమందికి పైగా మహిళల కిడ్నీలు దెబ్బతిన్నాయి. కొందరికి తర్వాత మూత్రనాళాల క్యాన్సర్ వచ్చింది. మూలికే కదా, ఏం చేస్తుందిలే అనేవాళ్లకు నేను ఈ సంగతే చెబుతాను. ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ పట్టుకుని హెర్బల్ కన్సల్టెంట్ అని ఇన్‌స్టాగ్రామ్‌లో పేరు పెట్టుకుంటున్న పిల్లలను చూస్తుంటే నాకు నిద్ర పట్టదు. వాళ్ల దగ్గరికి వచ్చేది రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్న పెద్దాయన కావచ్చు, గర్భిణి కావచ్చు. మీ అమ్మాయిని అలాంటి కోర్సుల్లో చేర్చకండి, ఫీజు తక్కువైనా సరే.

ఆక్యుపంక్చర్ పని చేస్తుందా అని అమ్మాయే నన్ను అడిగితే, కొన్ని నొప్పులకు, కీమోథెరపీ తర్వాత వచ్చే వికారానికి కొంత మేలు కనిపించిందని చెబుతాను. అసలు బిందువుల్లో కాకుండా పక్కన గుచ్చినా దాదాపు అంతే మేలు కనిపించిన పరిశోధనలూ చాలా ఉన్నాయని కూడా చెబుతాను. ఇంగ్లండ్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో నడుం నొప్పికి ఇది వద్దంది. అదే సంస్థ 2021లో, వేరే జబ్బుతో ముడిపెట్టలేని దీర్ఘకాలపు నొప్పికి దీన్ని పరిశీలించవచ్చంది. ఈ వృత్తిలోకి వెళ్లే పిల్ల ఈ రెండు మాటలనూ మోయగలగాలి. మీ అమ్మగారి మోకాళ్లు తేలికపడ్డాయంటే నేను సంతోషంగా నమ్ముతాను. ఆ ఒక్క అనుభవం చూసి ఐదేళ్ల చదువును నిర్ణయించలేం.

ఇక ‘ఇంగ్లిష్‌లోనే చెబుతారు’ అన్న మాట. నాకు అన్నింటికంటే ఎక్కువ అనుమానం దీని మీదే. తరగతి ఇంగ్లిష్‌లో జరగవచ్చు. ఆసుపత్రిలో రోగి ఇంగ్లిష్ మాట్లాడడు. చెంగ్డూ ఆసుపత్రికి వచ్చే ముసలమ్మ సిచువాన్ యాసలో చెప్పుకుంటుంది, ఆ యాస బీజింగ్ భాష నేర్చుకున్నవాళ్లకే ఒక పట్టాన అర్థం కాదు. చైనా వైద్యంలో సగం రోగ నిర్ధారణ అడగడంలో ఉంది. నిద్ర ఎలా ఉంది, చెమట ఎప్పుడు పడుతోంది, వేడి నీళ్లు తాగాలనిపిస్తోందా చన్నీళ్లా... ఇవన్నీ అడగలేని విద్యార్థి మూలన నిలబడి చూసి వస్తుంది. మూల గ్రంథాలేమో ప్రాచీన చైనీస్‌లో ఉంటాయి. అక్కడే ప్రాక్టీసు చేయాలంటే లైసెన్సు పరీక్ష చైనీస్‌లోనే రాయాలి. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి ఇలాగే ఐదేళ్లు చదివి వచ్చాడు. తెలివైనవాడు, కష్టపడ్డాడు. చైనాలో ఉండిపోయేంత భాష రాలేదు, ఇక్కడ రిజిస్ట్రేషన్ లేదు. ఇరవై నాలుగేళ్ల వయసులో మళ్లీ మొదటి సంవత్సరం డిగ్రీ విద్యార్థుల మధ్య కూర్చున్నాడు. వాళ్ల నాన్నగారు అప్పటికీ ఊళ్లో ‘డాక్టర్ గారు’ అనే చెప్పుకుంటున్నారు. ఆ పిల్లాడు పండగలకు కూడా ఊరికి వెళ్లడం మానేశాడు.

అమ్మాయికి నిజంగా చైనాలోనే చదవాలని ఉంటే చైనీస్ మాధ్యమంలో చదవాలి, దానికి ముందు ఒక ఏడాది పూర్తిగా భాషకే ఇవ్వాలి. ఆ పట్టుదల ఉన్న పిల్లలకు నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. అలా చదివినవాళ్లకు ఆస్ట్రేలియా, సింగపూర్ లాంటి చోట్ల ప్రయత్నించే వీలుంటుంది, ఎందుకంటే అక్కడ ఈ వృత్తికి చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ ఉంది. ఆస్ట్రేలియాలో 2012 జూలై నుంచి దేశమంతటికీ ఒకే బోర్డు ఉంది. ఏ డిగ్రీని ఒప్పుకుంటారో ఆ బోర్డును అడిగి, అప్పుడు కాలేజీ ఎంచుకోవాలి. మనవాళ్లు ముందు కాలేజీలో చేరి తర్వాత అడుగుతారు.

అమెరికా గురించి అడిగారు. అక్కడ ఆక్యుపంక్చర్ లైసెన్సున్న వృత్తి, చాలా రాష్ట్రాల్లో మూడు నాలుగేళ్ల మాస్టర్స్ చదివి పరీక్షలు రాయాలి. కాలిఫోర్నియాకు దాని సొంత పరీక్ష ఉంది. పెద్దవాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్, 2020 జనవరి నుంచి దీర్ఘకాలపు నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ ఖర్చు ఇస్తోంది. డిమాండ్ ఉందనే మాట అక్కడి నుంచే వస్తోంది. కానీ ఆ బిల్లును లైసెన్సున్న ఆక్యుపంక్చరిస్టు నేరుగా పంపలేరు, ఒక డాక్టర్ ద్వారానే వెళ్లాలి. చాలామంది సొంత క్లినిక్ పెట్టుకుని బతికే వృత్తి ఇది. వీసా మీద ఉన్న పిల్లకు సొంత క్లినిక్ పెట్టుకోవడం తేలిక కాదు, మామూలుగా ఉద్యోగం ఇచ్చే యజమాని కావాలి. పైగా అక్కడి కాలేజీలు కొన్ని ఇటీవల మూతపడ్డాయి. ఇల్లు తాకట్టు పెట్టి ఈ దారిలో పంపమని నేను చెప్పలేను.

ఇక్కడి దారులు తక్కువేం కావు. అమ్మాయికి సూదులు, ఆహారంతో చికిత్స నచ్చితే బీఎన్‌వైఎస్ సరిగ్గా సరిపోతుంది. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, ఆక్యుపంక్చర్ సిలబస్‌లోనే ఉంది, హైదరాబాద్‌లో అమీర్‌పేట పక్కనే ప్రభుత్వ కాలేజీ ఉంది. మూలికలు నచ్చితే ఆయుర్వేద డిగ్రీ బీఏఎంఎస్, విజయవాడలోనూ ప్రభుత్వ ఆయుర్వేద కాలేజీ ఉంది. వీటి తర్వాత ఆరు నెలలో ఏడాదో చైనా వెళ్లి నేర్చుకున్నా ఆ విద్యకు విలువ ఉంటుంది. ఆదాయం మొదటి నాలుగైదేళ్లు తక్కువే. అది మీరు ముందే ఒప్పుకోవాలి.

ఇప్పుడు మీతో ఒక మాట, కోపగించుకోకండి. మీ ఉత్తరంలో అమ్మాయి ఇష్టం గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం. మిగతాదంతా సీటు, బోర్డు, బంధువులు. పెళ్లిళ్లలో ‘ఏమైంది, ఎక్కడ వచ్చింది సీటు’ అని అడిగితే జవాబు చెప్పలేక మీరు పడుతున్న ఇబ్బంది నాకు తెలుసు. ఆ జవాబు మీరు వెతుక్కోవాల్సింది. దానికోసం పద్దెనిమిదేళ్లు దాటిన పిల్లను ఐదేళ్లు భాష రాని ఊళ్లో పెట్టకూడదు. రెండేళ్లుగా ఆ పిల్ల రోజూ పద్నాలుగు గంటలు చదివింది. ర్యాంకు రానిది ఆమెకు చేతకాక కాదు, సీట్లు తక్కువ, రాసేవాళ్లు ఎక్కువ. ఈ మాట ఆమెకు మీ నోటితో ఒక్కసారైనా చెప్పారా? చెప్పకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చేయండి.

బంధువులకు ఏం చెప్పాలంటే, ‘ఇంకా ఆలోచిస్తోంది’ అని చెప్పండి, అంతే. ఒక్క ఏడాది ఆలస్యంతో ఎవరి జీవితమూ చెడిపోలేదు. ఇన్నేళ్లలో నా ముందు కూర్చున్నవాళ్లలో తొందరపడి చేరినవాళ్లే ఏడ్చారు, ఆగినవాళ్లు కాదు.

కన్సల్టెన్సీ వాళ్లను ఒకే ఒక్క కాగితం అడగండి: ఈ డిగ్రీతో భారతదేశంలో ఏ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ వస్తుందో, లెటర్‌హెడ్ మీద సంతకంతో రాసివ్వమనండి. మళ్లీ ఫోన్ చేస్తారేమో చూద్దాం.

ఇక అమ్మాయితో. అమ్మా, మీ నానమ్మకు సూదులు వేసినవాళ్లను అడిగి, ఒప్పుకుంటే ఒక నెల రోజులు వాళ్ల క్లినిక్‌లో కూర్చో. సూదిని ముట్టుకోవద్దు. ఎవరు వచ్చారు, ఏ బాధతో వచ్చారు, మూడో వారానికి ఎవరు తిరిగొచ్చారు, ఎవరు రావడం మానేశారు, ఏ రోగిని ‘ఇది నా పని కాదు, ఆసుపత్రికి వెళ్లండి’ అని పంపారు, ఇవన్నీ నోట్సు రాసుకో. నెల తర్వాత ఆ నోట్సు తీసుకుని నాన్నగారితో కలిసి నా దగ్గరికి రా. ఏ కాలేజీ అన్నది అప్పుడు, నీ నోట్సు చదివాక మాట్లాడుకుందాం.