నెట్‌వర్కింగ్ నేర్చుకుంటే రేపటికి ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా తమ్ముడు ఈ ఏడాది ఈసీఈలో బీటెక్ పూర్తి చేశాడు. అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) కోచింగ్‌లో చేరతానంటున్నాడు. అంతా క్లౌడ్‌లోకి వెళ్లిపోయాక, పైగా ఏఐ కూడా వచ్చాక కంప్యూటర్లను నెట్‌వర్క్‌లో కలిపే రౌటర్లు, స్విచ్‌ల పని ఎవరికి కావాలని బంధువులు వద్దంటున్నారు. ఈ రంగానికి భవిష్యత్తు ఉందా? ఇంట్లో 8 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ప్రాక్టీస్‌కు సరిపోతుందా? - ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీ బంధువుల మాటలో సగం నిజం ఉంది. ఆ సగమేదో చేరకముందే తెలుసుకోవడం మీ తమ్ముడికి మేలు. అమెరికా కార్మిక గణాంకాల సంస్థ 2023 నుంచి 2033 వరకు వేసిన అంచనా ప్రకారం అక్కడ నెట్‌వర్క్, కంప్యూటర్ సిస్టమ్స్ అడ్మినిస్ట్రేటర్ల ఉద్యోగాలు 3 శాతం తగ్గుతాయి. అదే కాలంలో నెట్‌వర్క్‌ను రూపొందించే ఆర్కిటెక్టుల ఉద్యోగాలు 13 శాతం, సమాచార భద్రతా నిపుణుల ఉద్యోగాలు 33 శాతం పెరుగుతాయి. లెక్కలు అమెరికావే అయినా, అక్కడి కంపెనీల నెట్‌వర్క్‌లను రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండే టీమ్‌లు హైదరాబాద్‌లోనూ ఉన్నాయి కాబట్టి, ఆ గాలి మనకూ తగులుతుంది.

తగ్గుతున్నది ఏ పని? తెర మీద ఎర్ర అలారం కనబడగానే టికెట్ తెరిచి పై టీమ్‌కు పంపడం, యాభై స్విచ్‌లలో ఒక్కొక్కదానిలోకి లాగిన్ అయి ఒకే వీల్యాన్‌ను (నెట్‌వర్క్‌లో వేరు చేసిన ఒక విభాగం) యాభైసార్లు టైప్ చేయడం వంటివి. ఒక రాత్రి షిఫ్టు మొత్తం పట్టే ఈ రెండో పనిని ఆన్సిబుల్ అనే ఆటోమేషన్ సాధనంతో రాసిన చిన్న ప్లేబుక్ (చేయాల్సిన పనుల జాబితా) నిమిషాల్లో ముగిస్తుంది. కమాండ్లు బట్టీపట్టి ఇంటర్వ్యూ గట్టెక్కే పద్ధతికి కాలం చెల్లిందని నేను నిస్సంకోచంగా చెబుతాను.

అయితే క్లౌడ్ వల్ల నెట్‌వర్క్ మాయం కాలేదు, చోటు మారిందంతే. అమెజాన్ క్లౌడ్‌లో ఒక వీపీసీ (మనకంటూ ప్రత్యేకించిన ప్రైవేట్ నెట్‌వర్క్) తెరిచిన వెంటనే ఐపీ అడ్రసుల పరిధి ఎంత, సబ్‌నెట్లు (అందులోని చిన్న విభాగాలు) ఎన్ని, రూట్ టేబుల్‌లో ఏ దారి ఎటు అనే ప్రశ్నలే ఎదురవుతాయి. ఆఫీసులో వాడుతున్న అడ్రసుల పరిధినే క్లౌడ్‌లోనూ పెట్టేస్తే, తర్వాత రెండింటినీ కలపబోయినప్పుడు ఏ ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో ప్రయాణించే డేటా మూట) ఎటు పోవాలో తేలక పని ఆగిపోతుంది.

ఇలాంటి చోటే మనిషి అవసరం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెబుతాను. బ్రాంచి ఆఫీసు వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసుకునే ప్రైవేట్ దారి) ద్వారా ప్రధాన కార్యాలయానికి కలిసి ఉంటుంది. పింగ్ (అవతలి యంత్రం అందుతోందో లేదో చూసే చిన్న పరీక్ష) చేస్తే జవాబు వస్తుంది, లాగిన్ పేజీ తెరుచుకుంటుంది, కానీ పెద్ద ఫైలు పంపితే మాత్రం మధ్యలో నిలిచిపోతుంది. అలారాలన్నీ పచ్చగానే ఉంటాయి. మామూలు ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల వరకు ఉండవచ్చు. వీపీఎన్ తన సొంత హెడర్లు (చిరునామా వంటి అదనపు సమాచారం) తగిలించేసరికి అది ఆ హద్దు దాటిపోతుంది. ముక్కలు చేయవద్దన్న షరతుతో 1472 బైట్ల డేటా పెట్టి పింగ్ పంపితే, 28 బైట్ల హెడర్లతో కలిపి సరిగ్గా 1500 అవుతుంది. అది వెళ్లక, సైజు తగ్గించిన పింగ్ వెళ్లిందంటే దొంగ దొరికినట్టే. ప్యాకెట్ దారి పొడవునా ఏమవుతుందో మనసులో చూడగలిగినవారికి ఇది పది నిమిషాల పని. కమాండ్లు మాత్రమే తెలిసినవారికి వారం గడిచినా అంతుపట్టదు.

పెద్ద కంపెనీలకూ నెట్‌వర్క్ తిప్పలు తప్పలేదు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ సుమారు ఆరు గంటలపాటు ఆగిపోవడానికి కారణం, నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక కమాండ్ వారి డేటా సెంటర్లను కలిపే వెన్నెముక నెట్‌వర్క్‌నే తెంచేయడం. దాంతో వారి డీఎన్‌ఎస్ సర్వర్లకు (వెబ్‌సైటు పేరును ఐపీ అడ్రసుగా మార్చి చెప్పేవి) వెళ్లే బీజీపీ రూట్లు (నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి చెప్పుకునే దారులు) ఇంటర్నెట్ నుంచి మాయమయ్యాయి, ఇంజినీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది. ఆటోమేషన్ పెరిగేకొద్దీ ఒక్క తప్పు వ్యాపించే వేగమూ పెరుగుతుంది కనుక, మార్పును ముందే తరచి చూడగలిగేవారి విలువ తగ్గదని నా నమ్మకం.

మన దగ్గరా అవకాశం చేరువలోనే ఉంది. అమెజాన్ క్లౌడ్ హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) 2022 నవంబరులో మొదలైంది. విశాఖపట్నంలో అయిదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెట్టి ఏఐ హబ్ నిర్మిస్తామని, సముద్రగర్భ కేబుళ్లను తీరానికి చేరుస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. డేటా సెంటర్ నడిచే దశలో ఉద్యోగుల సంఖ్య పెద్దగా ఉండదు కాబట్టి, ఆ ఒక్కదాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

కాబట్టి సీసీఎన్‌ఏ చదవనివ్వండి, కానీ అక్కడితో ఆపనివ్వకండి. 2020లో వచ్చిన సీసీఎన్‌ఏ పరీక్ష (200-301)లోనే ఆటోమేషన్‌కు 10 శాతం, భద్రతకు 15 శాతం వాటా ఇచ్చారు. ఆ సర్టిఫికెట్ మూడేళ్లపాటే చెల్లుబాటవుతుంది. దానితోపాటు పైథాన్, లైనక్స్, ఏదో ఒక క్లౌడ్ నెట్‌వర్కింగ్ నేర్చుకోవాలి. తొలి ఉద్యోగం షిఫ్టుల్లో, తక్కువ జీతంతో రావచ్చు. చేరనివ్వండి, రెండేళ్లకు మించి అదే స్థాయిలో ఉండనివ్వకండి.

మీ ల్యాప్‌టాప్ చాలు. సిస్కో ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ ట్రేసర్ (తెర మీదే నెట్‌వర్క్ కట్టి చూసే సాఫ్ట్‌వేర్) 8 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తుంది, రౌటర్లు కొననక్కర్లేదు. ఫీజు కట్టే ముందు డెమో క్లాసులో కూర్చుని, పాఠం చెప్పేవారు పనిచేస్తున్న నెట్‌వర్క్‌ను కావాలని చెడగొట్టి విద్యార్థుల చేత బాగు చేయిస్తున్నారో లేదో చూడమని మీ తమ్ముడికి చెప్పండి. అది లేకుండా ఉద్యోగ గ్యారంటీ మాత్రమే చూపించే చోట చేర్చకండి.