క్యాసెట్టులో గొంతు మసకగా వస్తుంటే హెడ్ కోణం చూడండి

మీ అమ్మమ్మగారి మంగళహారతుల క్యాసెట్టు టేప్‌రికార్డర్‌లో విన్నా, కంప్యూటర్‌లోకి ఎక్కించినా గొంతు దుప్పటి చాటు నుంచి వచ్చినట్టుందన్నారు. అలాగైతే తప్పు కేబులుది కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు. టేపును తాకుతూ అందులోని శబ్దాన్ని చదివే చిన్న లోహపు భాగాన్ని హెడ్ అంటారు. దానికి మురికి పట్టి ఉంటుంది, లేదా దాని కోణం ఆ టేపుకు కుదరడం లేదు.

1. ముందు టేపు చుట్టను పరీక్షగా చూడండి. మన విశాఖ తేమకు బూజు తేలిగ్గా పడుతుంది. అంచున తెల్లటి పొడి కనిపిస్తే ప్లే చేయకండి, మిగతా క్యాసెట్లకూ అంటుకుంటుంది.

2. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో, దూదికి గోధుమరంగు అంటనంతవరకు హెడ్‌ను తుడిచి ఆరనివ్వండి.

3. ఇక హెడ్ కోణం సరిచేయాలి. చాలామంది వదిలేసేది ఇదే. హెడ్‌ను పట్టి ఉంచే రెండు మరల్లో ఒకదాని కింద సాధారణంగా చిన్న స్ప్రింగు ఉంటుంది. ఆ మర ఇప్పుడున్న స్థానాన్ని పెన్నుతో గుర్తు పెట్టుకోండి. టేపు నడుస్తుండగా, అయస్కాంతం లేని స్క్రూడ్రైవర్‌తో దాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పండి. పావు చుట్టు మించవద్దు. రెండు ఛానళ్లనూ కలిపి మోనోలో వింటే తేడా బాగా తెలుస్తుంది. ‘స’, ‘శ’ అక్షరాలూ తాళాల చప్పుడూ ఎక్కడ పదునుగా వినిపిస్తే అక్కడ ఆపండి. ఒక్కో క్యాసెట్టు ఒక్కో యంత్రంలో రికార్డయి ఉంటుంది కాబట్టి ప్రతిదానికీ ఇది మళ్లీ చూడాలి. విసుగనిపించినా మానకండి. ఎక్కించేటప్పుడు పోయిన స్పష్టతను తర్వాత ఏ ఈక్వలైజరూ (హెచ్చు, తగ్గు స్వరాలను సర్దే సాధనం) పూర్తిగా తెచ్చివ్వలేదు.

4. ఆడాసిటీలో (కంప్యూటర్‌లో శబ్దం రికార్డు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్) శాంపిల్ రేటు 44,100 హెర్ట్జ్ పెట్టి, మీటరు -6 డెసిబెళ్లు దాటకుండా రికార్డు చేసి, వేవ్ (WAV) ఫైలుగా దాచండి.